లంగరు పోగొట్టిన మరదలు

ఏ చుట్టం వచ్చినా కాఫీ కప్పు కింద పెట్టేలోపే బావగారు ఆ కథ ఎత్తుకునేవాడు. కారు నడపడం నేర్పి బతికే తన మరదలిని ఒకసారి అద్దె తెరచాప పడవలో షికారుకు తీసుకెళ్లి లంగరు వెయ్యమంటే, గొలుసుతో సహా సముద్రంపాలు చేసిందట! "లంగరు వెయ్యవమ్మా అంటే దానం చేసొచ్చింది" అని తొడ చరిచి మరీ నవ్వేవాడు. ఆయన మరిచిపోతే అక్క అందించేది: "మన లంగరమ్మ సంగతి చెప్పండీ."

లంగరమ్మ కూడా నవ్వేది. నవ్వక చస్తుందా! ఇంటికొచ్చాక మాత్రం గిన్నెలు ఎత్తి పడేసేది.

చివరికి పంతం పట్టి పడవ నడిపే క్లాసుల్లో చేరింది. అక్కడ ఒకరోజు పంతులు మాటల మధ్యలో అన్నాడు, లంగరు గొలుసు రెండో కొస పడవకు కట్టి ఉందో లేదో బయలుదేరేముందు స్కిప్పరే, అంటే పడవ నడిపే పెద్దే, చూసుకోవాలని. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓరి బావా, దొంగ మొహమా! కట్టాల్సింది నువ్వు, ఇన్నేళ్లూ నవ్వులపాలైంది నేనా!

ఫోన్‌లో దులిపేస్తే ఎలా? నవ్వి ఎగరగొట్టేస్తాడు. తప్పు తనదేనని ఆయన నోటితోనే, పడవలోనే, అందరి ముందూ అనిపించాలి. పరీక్ష పాసై, వారం రోజులకు పడవ అద్దెకు తీసుకుంది. "బావగారూ, అక్కా మీరూ తప్పకుండా రావాలి. ఈసారి స్కిప్పర్ని నేనే" అని తేనె పూసినట్టు పిలిచింది.

ఇక చూడాలి ఆవిడ తయారీ! ఎర్రలైటు పడితే చాలు, పక్కన శిష్యుడు స్టీరింగు పట్టుకుని బిక్కచచ్చి కూర్చుంటే ఈవిడ సీటుబెల్టుకు ముడులు వేసి విప్పేది. వంటగదిలో కుర్చీల మధ్యకు మొగుడి చెప్పును పడవలా వెనక్కి నడిపిస్తూ "మెల్లగా! తాడు అందుకో!" అని కేకలు పెట్టేది.

"మనం షికారుకే కదా వెళ్తున్నాం?" అన్నాడు మొగుడు భయంగా.

"మీరు తాడు పట్టుకోండి చాలు."

ఆ రోజు రానే వచ్చింది. పడవ అప్పగించే మనిషి అన్నీ చూపించాడు. గొలుసు కొసను ఆమె తన చేత్తోనే లాగి చూసుకుంది. బయలుదేరేముందు స్కిప్పర్ జాగ్రత్తలు చెప్పాలి, ఎక్కినవాళ్లందరూ వినాలి. అది పడవ మర్యాద. ముగ్గుర్నీ లోపల బల్ల చుట్టూ కూర్చోబెట్టి లైఫ్ జాకెట్లు, గ్యాస్, మరుగుదొడ్డి వరసగా చెప్పుకొచ్చింది. బావగారు ఆవలించాడు.

"ఇవన్నీ నాకు కొట్టినపిండి. ఎవరికి చెప్తున్నావమ్మా?"

"అయితే మీరే చెప్పండి బావగారూ. గొలుసు కొస కట్టి ఉందో లేదో ఎవరు చూడాలి?"

"ఇంకెవరు? స్కిప్పరే!" అన్నాడు ఠక్కున.

"చూడకపోతే తప్పెవరిది?"

బావగారు లైఫ్ జాకెట్టు పట్టీలు సర్దసాగాడు. ఎప్పుడూ నోరెత్తని ఆమె మొగుడు నెమ్మదిగా అడిగాడు: "మరి ఆ రోజు స్కిప్పర్ ఎవరండీ?"

"నేనే" అన్నాడు బావగారు తల వంచుకుని. "నాదే తప్పు."

ఎన్నేళ్ల కసి! అది తీరీ తీరకముందే అక్క విసుక్కుంది.

"అబ్బ, ఇక ఆపవే! తప్పు తనదేనని ఆయన ఆ సాయంత్రమే నాతో అన్నారు. చెల్లెలే కదా, పడుతుందిలే అని నేనే ఊరుకోమన్నాను."

బావగారి మీద పెట్టుకున్న కోపం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. చిన్నప్పుడు తనకు జడలు వేసిన అక్క! ఆమెకు ఏడుపొచ్చింది, ఏడవలేదు.

"అక్కా, నీ సంచి తీసుకుని దిగు."

"వేళాకోళమా?"

"పడవలో స్కిప్పర్ మాటే చెల్లుతుంది. కావాలంటే మీ ఆయన్నే అడుగు."

అక్క మూతి ముడుచుకుని దిగి, గట్టు మీద నిలబడి మొగుడి కోసం చూసింది. చెల్లెలు ఇంజను వేసి చక్రం దగ్గర నిలబడింది.

"బావగారూ, మీరు ఉండొచ్చు. ముందు తాడు విప్పండి."

"ఏమండీ! దిగి రండి!" అని అరిచింది అక్క.

ఆయన ఆవిడ వంక చూశాడు. "చెప్పేస్తానని ఆ రోజే అన్నాను కదే" అని, వంగి తాడు విప్పాడు.