అత్త తొడుక్కున్న వంకర జాకెట్టు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా మరిది మనవరాలు ఒక చేతిలో జాకెట్టు గుడ్డా, ఇంకో చేతిలో ఫోనూ పట్టుకుని వచ్చింది. కుట్టుపని కోర్సు ఫస్టు క్లాసులో పాసయ్యానని ఫోనులో సర్టిఫికెట్టు చూపించి, వెంటనే ఆ గుడ్డ నా ఒళ్లో పెట్టి, "నానమ్మా, ఇది కాస్త కోసిపెట్టవా, కుట్టడం నేను చూసుకుంటా" అంది. కోర్సులో కోత నేర్పలేదా అని అడిగాను. నేర్పారట, పేపరు మీద. గుడ్డ మీద ఒక్కసారైనా కత్తెర పెట్టలేదట. ఆ పిల్ల ముఖంలో సిగ్గేమీ లేదు, ఉండనక్కర్లేదు కూడా, సిగ్గుపడాల్సిన వాళ్లు వేరే ఉన్నారు. ఎప్పుడో చల్లారిందనుకున్న కోపం మాత్రం నాకు అరికాలి నుంచి నెత్తికెక్కింది.

నేను నరసరావుపేటలో కోడలిగా అడుగుపెట్టిన ఇల్లు కుట్టుమిషను ఇల్లు. ముందుగదిలో మా అత్త మిషను, గుమ్మం పక్కన చెప్పులు విడవడానికి చోటు, పత్తి అమ్మకానికి మగవాళ్లతో కలిసి పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు అక్కడ చెప్పులు విడిచి, సంచిలో నుంచి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఆదికి తీసి ఇచ్చి, కాసేపు కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పి పోయేవారు. నేను అయిదో తరగతితో బడి మానేసిన దాన్ని, లెక్కలంటే భయం, కత్తెరంటే ఇంకా భయం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా నేర్చుకునే మనిషి మొదటి కోత నేర్పేవాళ్ల సొంత గుడ్డ మీదే పెట్టాలి. అదీ చిరుగుల పాతది కాదు, కొత్తది. తర్వాత అది ఎలా తయారైనా నేర్పినవాళ్లు దాన్ని తొడుక్కుని నలుగురిలోకి వెళ్లాలి. అట్లా మా అత్త రంజానుకని తెచ్చుకున్న ఆకుపచ్చ గుడ్డ నా ముందు పరిచింది. మీలో మిషను తొక్కిన వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, కాగితం చెప్పినట్టు వింటుంది, గుడ్డ జారిపోతుంది. నేను గుడ్డ మడత సరిగా వేయక రెండు చేతులూ కుడివైపువే కోశాను. ఎడమచేతి పక్కకు కూడా కుడిచేతిదే అతికితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పండగనాడు అత్త నిజంగానే దాన్ని తొడుక్కుంది. చుట్టాలంతా అడుగుతుంటే నవ్వుతూ ఒకటే జవాబు. "మా కోడలు కుట్టింది. ఎడం చెయ్యి ఎత్తితే పట్టేస్తంది, అందుకే అందర్నీ కుడిచేత్తోనే పలకరిస్తన్నా." ఆ రోజు నేను వంటింట్లో నుంచి బయటికి రాలేదు. కానీ ఆ తర్వాత ఎన్ని జాకెట్లు కోశానో లెక్కే లేదు, ఒక్క చెయ్యీ తప్పలేదు.

చానాళ్లకు, మా అమ్మాయి పెద్దదయ్యాక, ఊళ్లో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే కేంద్రం ఒకటి పెట్టారు. అక్కడ నేర్పాలంటే పదో తరగతి ఉండాలి, దాని మీద టీచరు ట్రైనింగు సర్టిఫికెట్టు ఉండాలి అన్నారు. నేను మిషను తొక్కుతుంటే మా అమ్మాయి పక్కన కూర్చుని తన పదో తరగతి పాఠాలు పైకి చదివేది. విన్నది మర్చిపోయే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. నేనూ ప్రైవేటుగా పరీక్ష కట్టాను, తల్లీకూతుళ్లం ఒకే ఏడాది పాసయ్యాం. ట్రైనింగుకు గుంటూరు బస్సు ఎక్కిన రోజుల్లో వంటంతా అత్తే చేసింది, చేస్తూ ఎగతాళి పట్టేది. "ఇన్నాళ్లూ చేత్తో చేసింది నోటితో చెప్పటానికి మళ్లీ బడికి పోవాలంటనే? ఏం కాలమో ఏందో." టేపు పట్టి కొలవడం, స్కేలుతో గీతలు గీయడం, బోర్డు ముందు నిలబడి మాట్లాడడం అక్కడే నేర్చుకున్నాను, ఆ చదువును నేనెప్పుడూ తక్కువ చేయను. సర్టిఫికెట్టు ఇంటికి తెచ్చిన రోజు అత్త దాన్ని రెండు చేతులా పట్టుకుని చూసి, చదవడం రాకపోయినా చానాసేపు చూసి, "ఇంక నీ గుడ్డ బయటికి తియ్యి" అంది.

నన్ను టీచరుగా తీసుకున్న ఆ కేంద్రంలో గుడ్డ ఉంది, కానీ బీరువాలో ఉంది. పిల్లలు పాడుచేస్తారని, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించాలని, కేంద్రం నడిపే పెద్దసారు తాళం తన దగ్గరే పెట్టుకున్నాడు. పిల్లలకు పాత పేపర్లు. రాజుపాలెం నుంచి బస్సులో వచ్చే పిల్ల ఒకతి ఉండేది, వాళ్లమ్మ మిరపకోతకు పోయే మనిషి. పేపరు మీద ముత్యాల్లాంటి కోత కోసేది, గుడ్డ అనగానే కత్తెర కింద పెట్టేసేది. నేను నా నీలం జాకెట్టు గుడ్డ తెచ్చి ఆ పిల్ల ముందు పరిచాను. మెడ బావిలా తవ్వింది. మర్నాడు కొంగు నిండా కప్పుకుని దాన్నే తొడుక్కుని క్లాసుకు వెళితే పిల్లలంతా పడి పడి నవ్వారు, ఆ పిల్లా నవ్వింది. అంతే, భయం పోయింది. అందరూ ఇళ్ల నుంచి పాత చీరలు తెచ్చి కోయడం మొదలుపెట్టారు. ఆ పిల్ల వాళ్లమ్మకని ఎర్రజాకెట్టు ఒకటి కుట్టింది, ఒక్క ముడత లేదు. నేనే దాన్ని గోడకు తగిలించాను, తనిఖీ అయ్యాక ఇంటికి తీసుకుపొమ్మన్నాను.

తనిఖీ రోజు పొద్దున వెళ్లేసరికి గోడ మీద పిల్లలు కుట్టినవి లేవు. బజారులో కొన్న గౌన్లు వేలాడుతున్నాయి, ఒక్కోదానికి ఒక్కో పిల్ల పేరు గుచ్చి. ఏందిది సార్ అని అడగబోయేలోపే కారు వచ్చింది. తనిఖీకి వచ్చినావిడ మంచి మనిషే, ఒక గౌను మెచ్చుకుని, దాని మీది పేరు చదివి, ఈ అమ్మాయి ఎవరని అడిగింది. రాజుపాలెం పిల్ల లేచి నిలబడింది.

"అది నేను కుట్టలేదమ్మా. నేను కుట్టింది అదుగో, దాంతో మిషన్లు తుడుస్తన్నారు."

అందరం అటు చూశాం. మూలన అటెండరు చేతిలో ఆ ఎర్రజాకెట్టు, నూనె పూసుకుని నల్లగా. అతని తప్పేం లేదు, పాత గుడ్డలని ఇచ్చారు, తుడిచాడు. తనిఖీకి వచ్చినావిడ కారెక్కి వెళ్లిపోయింది.

ఆ నెలలోనే ఆ పిల్లకు హాజరు చాలలేదని పరీక్షకు పేరు పంపలేదు. రోజూ అందరికన్నా ముందు వచ్చిన పిల్లకు హాజరు చాలలేదట. నేను పెద్దసారు గదిలోకి వెళ్లి నిలబడ్డాను. "కోత నేర్పమంటే నోరు నేర్పావమ్మా" అన్నాడు. "కోత నేర్పనిచ్చారా సార్?" అన్నాను. మరుసటి ఏడాది నన్ను తీసుకోలేదు. నాకు మిషనుంది, నా సంగతి వదిలేయండి. ఆ పిల్ల నూనె జాకెట్టును కాగితంలో చుట్టుకుని బస్టాండు వైపు నడుచుకుంటూ పోవడం ఈ కళ్లతో చూశాను. ఉతికితే పోతుందేమో టీచర్ అని అడిగింది. పోతుందన్నాను. మిషను నూనె మరక పోదని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు వీధికొక కుట్టు కేంద్రం, కరెంటు మిషన్లు, ఫోనులో సర్టిఫికెట్లు. గుడ్డకైతే కరువే లేదు, మా కాలంలో ఏడాదికి కొన్నంత ఇప్పుడు పండక్కి కొంటున్నారు. పాడైన జాకెట్టు తొడుక్కుని నలుగురిలోకి వెళ్లే అత్తలూ, టీచర్లూ ఎక్కడికి పోయారో మరి.

మరిది మనవరాలు తెచ్చిన గుడ్డ తిరిగి దాని చేతికే ఇచ్చేసి, నేను రంజానుకని దాచుకున్నది పెట్టెలోంచి తీసి, ముందుగదిలో పరిచి, పైన కత్తెర పెట్టాను. పాడైతే ఎట్లా నానమ్మా అంది. నేను తొడుక్కుంటాగా అన్నాను. ఆ పిల్ల గుడ్డ వంక చూసి, నా వంక చూసి, రేపొస్తానని వెళ్లింది. ఇవాళ్టి దాకా రాలేదు. గుడ్డ అట్లాగే ఉంది, ఇంట్లోవాళ్లంతా దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నారు. మడత పెట్టనా అని అడిగినవాళ్లను అడిగినట్టే కసురుతున్నాను.