మూత మీద బొట్టు

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మొదట్లో, ఒక పత్తి మిల్లు ప్రహరీని ఆనుకుని ఓబన్న షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. బోర్డు పెట్టుకునే మెకానిక్కులంటే ఓబన్నకు రోత. "పని రానోడు పేరు రాసుకుంటాడప్పా. పని వచ్చినోడి పేరు జనమే సెప్తారు" అంటాడు.

అరవై ఏళ్ళ మనిషి. ఆలూరు దగ్గర ఒక మెట్ట పల్లెలో పుట్టాడు. వేరుశనగ చేలో కలుపు తీయమంటే చేతగాక ఆదోనికి పారిపోయి వచ్చి, జిన్నింగు మిల్లులో ఆయిలింజను తుడిచే పనికి కుదిరాడు. తుడుస్తూ తుడుస్తూ, ఆ ఇంజను దగ్గితే చాలు దాని రోగమేంటో చెప్పే స్థితికి వచ్చాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! విద్యతో పాటు పొగరు కూడా వంటబట్టింది. లోకంలో తనకు తప్ప ఇంకెవరికీ బుర్ర లేదని ఆనాడే తీర్మానించుకున్నాడు. నలభై ఐదేళ్ళుగా ఆ తీర్మానాన్ని మార్చుకోలేదు.

కార్లున్న షావుకార్లంటే అతనికి చులకన. వాళ్ళకు కూర్చోవడం తప్ప కిందేముందో తెలియదట. కంప్యూటరు తగిలించి రోగం చూసే కొత్త మెకానిక్కులంటే మరీను. "నాడి పట్టేది రానోడు అన్నిటికీ స్కానింగు రాస్తాడు" అని నవ్వుతాడు. అందరికన్నా అలుసు డ్రైవర్లు. "స్టీరింగు తిప్పేటోడు ఇంజను గురించి మాట్లాడితే, గుళ్ళో గంట కొట్టేటోడు మంత్రం సెప్పినట్టు ఉంటాది" అని వాళ్ళ మొహం మీదే అంటాడు.

ఇంత నోరున్న మనిషి దగ్గరికి బండ్లు ఎందుకు వస్తాయంటే, పని అట్లాంటిది. ఓబన్న చెయ్యి పడిన బండి అదే రోగంతో మళ్ళీ రాదని ఆదోనిలోనూ, ఎమ్మిగనూరులోనూ చెప్పుకుంటారు. అతనికి ఉన్న ఆస్తి ఆ మాట ఒక్కటే.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పని అయిపోయాక బొట్టు పెట్టనిదే ఏ బండినీ గడప దాటనివ్వడు. ఒక చిన్న గిన్నెలో పసుపు, కుంకుమ ఆముదం పోసి కలిపి పెట్టుకుంటాడు. ఆముదం అయితే వానకు పోదని అతని లెక్క. బొటనవేలు అందులో ముంచి బానెట్ మీద ఒకటి, స్టీరింగు మీద ఒకటి, ఆఖరున పెట్రోలు మూత మీద ఒకటి గట్టిగా అద్దుతాడు. "బండికి అన్నం తినే నోరు అదేనప్పా. దానికి పెట్టకుండా ఇంక దేనికి పెడతావు?" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతాడు.

నాగేశ్వరయ్య శెట్టి మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారి. ఆయనకు ముప్పై ఏళ్ళ నాటి తెల్ల అంబాసిడర్ ఉంది. కొత్తది కొనమని ఇంట్లో పోరినా వినలేదు. ఆ కారుకు ఇరవై రెండేళ్ళుగా బజారి అనే అతను డ్రైవరు. మొన్న దసరాకు ముందు కారు పెట్రోలు మూత ఎక్కడో పడిపోతే, ఓబన్నే పాత సామాన్ల అంగట్లో వెదికి, సరిపోయే మూత ఒకటి తెచ్చి బిగించాడు. ఆయుధ పూజ రోజు దానికి తన చేత్తోనే నిండుగా బొట్టు పెట్టాడు.

ఆ పండగ అయినప్పటి నుంచి కారుకు కొత్త రోగం పట్టుకుంది. ఊళ్ళో ఎంత తిప్పినా ఏమీ కాదు. ఎమ్మిగనూరు దారి పట్టి పదిహేను, ఇరవై కిలోమీటర్లు పోయిందంటే చాలు, రెండు ఎగుర్లు ఎగిరి ఆగిపోతుంది. కాసేపు రోడ్డు పక్కన నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది.

మొదటిసారి తీసుకొస్తే ఓబన్న ప్లగ్గులు, కండెన్సరు మార్చి, వాటిని తయారు చేసినవాణ్ణి తిట్టి, బొట్టు పెట్టి పంపాడు. వారానికి తిరిగొచ్చింది. కార్బురేటర్ విప్పి కడిగి, దాన్ని అంతకు ముందు ముట్టుకున్నవాణ్ణి తిట్టి, బొట్టు పెట్టి పంపాడు. పది రోజులకు మళ్ళీ వచ్చింది. పెట్రోలు పంపు మార్చాడు. ఈసారి తిట్టడానికి ఎవరూ దొరక్క నాగేశ్వరయ్యనే తిట్టాడు. బొట్టు పెట్టాడు.

నాలుగోసారి కారు తెచ్చినప్పుడు బజారి షెడ్డు గుంజ పట్టుకుని నిలబడి, భయపడుతూనే ఒక మాట చెప్పాడు.

"అన్నా, ఒక సంగతి సెప్తా. బండి ఆగినప్పుడు పెట్రోలు మూత తీస్తే గుస్సుమని శబ్దం వస్తాండాది. మూత తీసి పెట్టినామంటే వెంటనే స్టార్టయితాది."

ఓబన్న కారు కింద నుంచి తల బయట పెట్టాడు. "నువ్వు మూత యాల తీసినావురా?"

"ఊరికే, పెట్రోలు ఉండాదా లేదా సూద్దామని తీసినా."

"ఓహో, సూద్దామని!" అని వెక్కిరించి, మళ్ళీ కారు కిందికి పోయాడు. ఆ మాట చెవిలోకి పోయింది గానీ బుర్రలోకి పోలేదు. డ్రైవరు నోట్లోంచి వచ్చిన మాట కదా, ఎట్లా పోతుంది!

ఆ పూట ఓబన్న గొప్ప పరీక్ష ఒకటి చేశాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, ఒక సీసాలో పెట్రోలు పోసి బానెట్‌కు వేలాడదీసి, ఇంజనుకు ఆ సీసా పెట్రోలే అందేట్టు చేసి, మాధవరం దారిలో నలభై కిలోమీటర్లు తిప్పుకొచ్చాడు. దారిలో ఖాళీ అయినప్పుడల్లా సీసా నింపుకున్నాడు. కారు ఒక్క చోట ఆగలేదు. దిగి, గుడ్డతో చేతులు తుడుచుకుని తీర్పు చెప్పాడు. ఇంజనులో ఏ తప్పూ లేదు. సీసా పెట్రోలుతో నడిచి, ట్యాంకు పెట్రోలుతో ఆగుతోందంటే తప్పు ట్యాంకు పెట్రోలులోనే ఉంది. మూత తీసేది ఎవరు? బజారి. పెట్రోలు తీసి అమ్ముకుని కిరోసిను కలుపుతున్నాడు. పైగా మూత తీస్తానని తన నోటితోనే ఒప్పుకున్నాడు!

ఈ మాట నాగేశ్వరయ్య చెవిలో వేసినా పోయేది. మార్కెట్ యార్డులో వేలం పాటకు జనమంతా చేరి ఉన్నప్పుడు చెప్పాడు. శెట్టి మొహం ఎర్రబడింది. "తాళం ఈడ పెట్టి పో" అన్నాడు బజారితో. బజారి చుట్టూ చూసి, తాళం పెట్టి వెళ్ళిపోయాడు.

మరునాడు బజారి భార్య తిమ్మమ్మ షెడ్డుకు వచ్చింది. "అన్నా, మా ఆయప్ప దొంగనా? నీ నోటితో నాకు సెప్పు" అంది. ఓబన్న తలెత్తకుండా, "నన్ను అడిగేదేమి? పెట్రోలును అడుగుపో" అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

కానీ శెట్టి భార్య శాంతకుమారమ్మ ఊరుకోలేదు. బజారి తమ ఇంట్లో చీపురు పుల్ల కూడా ముట్టలేదని మొగుణ్ణి పోరు పెట్టింది. శెట్టి వచ్చి ఓబన్నతో అన్నాడు: "ట్యాంకు ఖాళీ చేసి మన కండ్ల ముందర నింపుదాము. రేపు నువ్వే నడుపు, ఎమ్మిగనూరికి పోయొద్దాము. ఆగకపోతే బజారి దొంగ, ఇంగ వాడి మొగం సూడను. ఆగిందంటే?"

"ఆగిందంటే ఓబన్న మళ్ళా పానా ముట్టడు, సావుకారీ. ఇంగ సాలునా?"

మరునాడు పొద్దున ట్యాంకు కడిగి మెడ దాకా నింపించారు. ఓబన్న మూత బిగించి, బొటనవేలు గిన్నెలో ముంచి, ఎప్పటికన్నా గట్టిగా అద్దాడు. తన పేరు నిలవాలని ఆ వేలితోనే దండం పెట్టుకున్నాడు. నాగేశ్వరయ్య వెనక సీట్లో కూర్చున్నాడు.

ఆరేకల్లు దాటారు. ఓబన్నకు ఉత్సాహం వచ్చింది. "సూసినారా, దొంగ దిగిపోయినాక బండి ఎట్ల పోతాందో" అన్నాడు. ఆ మాట పూర్తయిందో లేదో కారు ఒక ఎగురు ఎగిరింది. ఇంకోటి ఎగిరింది. రోడ్డు పక్కన ఉన్న హుసేనమ్మ బజ్జీల అంగడి ముందర ప్రాణం వదిలేసింది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. నాగేశ్వరయ్య పత్తి ధర గురించి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ కారులోనే కూర్చున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఓబన్నకు. బానెట్ ఎత్తి చూశాడు. చూడడానికి ఏముంది, అన్నీ తాను బిగించినవే. పోయి అంగడి బల్ల మీద కూలబడ్డాడు.

హుసేనమ్మ కొత్త నూనె డబ్బా ముందర పెట్టుకుని, మేకు ఆనించి రాయితో కొడుతోంది. ఒక చిల్లు పడింది. డబ్బా వంచితే రెండు గుటకలు పడి నూనె ఆగిపోయింది. రెండో చిల్లు కోసం మళ్ళీ మేకు ఆనించింది. ఓబన్నకు ఎవరి మీదైనా కోపం తీర్చుకోవాలనిపించింది.

"ఒక చిల్లు సాలదా? డబ్బా అంతా జల్లెడ సేస్తావా?"

హుసేనమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "చేతికంతా గిరీసు పూసుకున్నావు, మెకానిక్కువే గదా? గాలి లోపలికి పోకుంటే నూనె బయటికి యాడ నుంచి వస్తాదప్పా? ఈ మాత్రం తెలీదా నీకు?" అని రెండో చిల్లు కొట్టింది. నూనె ధారగా పడింది. మళ్ళీ తనే అంది: "ఇది బజారి నడిపే బండి గదా? ఈడ ఆగితే ఆయప్ప మూత తీసి పెట్టి, టీ తాగి, మళ్ళా మూత వేసి పోతాండె. అట్లనే సెయ్యి, పోతాది."

"మూత తీసి పెట్రోలు తీస్తాండెనా?"

"యాడిది! నా ముందరే గదా టీ తాగేది. ఊరికే తీసి పెడతాండె."

ఓబన్న లేచాడు. కారు వెనక్కి పోయి మూత పట్టుకుని తిప్పాడు. గుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. బజారి చెప్పిన శబ్దం. మూతను ఎండలో పెట్టి చూశాడు. ఆముదం, పసుపు, కుంకుమ పొర మీద పొర ఎండి, కొత్త మూత నడిమధ్యన అట్ట కట్టి ఉంది. గోటితో గీకాడు. కింద ఆవగింజంత చిల్లు ఉంది. పెట్రోలు వాడుకునే కొద్దీ ట్యాంకులోకి గాలి పోవడానికి పెట్టిన చిల్లు. వేరే మూతలకు అది అంచు కింద ఉంటుంది, ఈ మూతకు సరిగ్గా బొట్టు పడే చోటే ఉంది. మూడుసార్లు బాగు చేశాడు, మూడుసార్లూ తన వేలితోనే దాన్ని మూశాడు. సీసా పెట్రోలుతో ఎందుకు నడిచింది? సీసా మూతి తెరిచే ఉంది కాబట్టి. నలభై ఐదేళ్ళ విద్య! బజ్జీలు అమ్మే ఆడమనిషికి తెలిసింది, రోజూ మూత తీసే డ్రైవరుకు తెలిసింది, ఇతనికి తెలియలేదు. థూ!

ఇప్పుడు చిల్లు తెరుచుకుంది. మూత వేసి, "కార్బురేటర్లో నలుసు సావుకారీ, ఊదినాను" అంటే కారు కర్నూలు దాకా ఆగకుండా పోతుంది. అడిగేవాడు లేడు. పేరు దక్కుతుంది. బజారి మాత్రం దొంగగానే ఉండిపోతాడు. అంత నీచమైన ఆలోచన కూడా ఓబన్నకు వచ్చింది, అబద్ధం ఎందుకు!

నాగేశ్వరయ్య ఫోను పెట్టేసి దిగి వచ్చాడు. "దొరికిందా?"

ఓబన్న మూత ఎత్తి పట్టాడు. "దొరికింది. ఒక తిక్కనాయాలు గాలి పొయ్యే చిల్లు మూసి పెట్టినాడు."

"ఎవడు వాడు?"

ఓబన్న బొటనవేలు చూపించాడు. పొద్దున అద్దిన పసుపు ఇంకా గోటి సందులోనే ఉంది.

శెట్టి ఆ వేలును చూశాడు, మూతను చూశాడు. "నీ నోటి మాట మీద ఇరవై రెండేండ్ల మనిషిని పంపించినా గదరా" అన్నాడు. వెనక సీట్లోకి ఎక్కుతూ, "నేను ఏ మొగం పెట్టుకోని పోదును? నువ్వే పోయి పిల్చుకోని రా" అన్నాడు. షావుకార్లంతే. వెళ్ళగొట్టడానికి వాళ్ళ నోరు చాలు, పిలవడానికి ఇంకొకరి కాళ్ళు కావాలి.

బజారి ఇల్లు ఆదోనిలో రైలు కట్ట అవతల ఉంది. కారు సందు మొదట్లో ఆపి, ఓబన్న తన పెద్ద పానా చేత్తో పట్టుకుని నడిచాడు. గుమ్మంలో తిమ్మమ్మ ఉంది.

"ఇంగేం దొంగిలించినాడని వచ్చినావు?"

ఓబన్న లోపల చాప మీద కూర్చున్న బజారిని చూసి నిలబడే మాట్లాడాడు. "నువ్వు సెప్పినావు బజారీ. గుస్సుమంటాదని సెప్పినావు. నేను ఇన్లేదు. ఆ చిల్లు మూసింది నేనే, నా బొట్టే. నిన్ను దొంగను సేసింది కూడా నేనే. మాట ఇచ్చినా గదా, పానా ముట్టనని. ఇదో." పానాను గడప మీద పెట్టాడు.

బజారి పానా వైపు చూసి అన్నాడు: "నన్ను దొంగ అన్న పొద్దు యార్డంతా ఇన్నారన్నా. ఈ మాట ఎవరు ఇన్నారు?"

"యార్డులోనే సెప్తా. రేపు వేలం పాటప్పుడు, ఆ జనం ముందరే సెప్తా. ఈ మూత గూడా సూపిస్తా."

బజారి లేచి వచ్చి పానాను కాలితో ఓబన్న వైపు నెట్టాడు. "నాకెందుకన్నా ఇది? స్టీరింగు తిప్పేటోణ్ణి. రేపు సెప్పు. సెప్పినాకనే తాళం తీసుకుంటా."

ఓబన్న తల ఊపాడు. వెనక్కి తిరగబోతుంటే తిమ్మమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఎదురుగా నిలబడింది. మర్యాద కోసం తెచ్చినట్టు లేదు ఆమె మొహం.

"దొంగ ఇంటి నీళ్ళన్నా. తాగుతావా?"

ఓబన్న రెండు చేతులతో చెంబు అందుకున్నాడు. నీళ్ళన్నీ అయ్యేదాకా దించలేదు.