జాడీ మీద నా గీత

దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో మేం అద్దెకున్న పాత విల్లా వెనక మా ఆయన నాలుగు ద్రాక్ష తీగలు పెంచారు. ఇనప పైపులతో పందిరి వేసి, ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు బకెట్లో పట్టి పోసేవారు. గుత్తులకు పిట్టలు తగలకుండా దోమతెర కప్పేవారు. నా చీర కొంగు ఎక్కడ చిరిగిందో చూడని మనిషి, తీగకు పేలిక ఎంత మెత్తగా కట్టేవారో! నాకు అక్కడే అనుమానం మొదలైంది.

ఆయనకు ఒకప్పుడు తాగుడుండేది. కాకినాడలో ఉద్యోగం ఊడింది దానివల్లే. చర్చిలో సంఘం ముందు నిలబడి ఒట్టేసి మానేశాక, నర్సుగా నాకొచ్చే జీతం మీద వీసా తీసి రప్పించుకున్నాను. కాగితాల మీద ఆయనకు నేనే కఫీల్‌ని, అంటే పూచీదారుని. అలాంటి మనిషి 2014 వేసవిలో, నెలకోసారి సంఘంలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు బల్లకు వైన్ తానే చేస్తానన్నారు.

"డబ్బా జ్యూస్ ఎందుకే? మన పళ్లున్నాయి కదా!"

ఇక్కడ ఇంట్లో వైన్ పెట్టడం నేరం. పట్టుబడితే నా ఉద్యోగం ఖలాస్. అయినా పోలీసుల కన్నా నాకు ఆయన నాలుక మీదే ఎక్కువ భయం.

పళ్లు నలిపి, పంచదార, లవంగాలు వేసి పెద్ద గాజు జాడీకి గుడ్డ కట్టారు. నాలుగో రోజు ఆయన బజారుకెళ్లగానే, సెలైన్ సీసాకు వేసినట్టు, మట్టం దగ్గర ప్లాస్టర్ అంటించి గీత గీశాను. ఆ వైపు గోడకు తిప్పి పెట్టాను. వారం తిరిగేసరికి మట్టం రెండు వేళ్ల మేర తగ్గింది. ఆయన దగ్గరికొస్తే లవంగాల వాసన. అడిగితే పన్ను నొప్పన్నారు. కాకినాడలోనూ తాగిన వాసన తెలియకుండా లవంగాలే నమిలేవారు.

పాస్టరు గారికి ఫోన్ చేశాను. "అయ్యగారూ, ఈయన మళ్లీ మొదలెట్టారండి."

"నువ్వు చూశావా అమ్మా?"

"చూడక్కర్లేదండీ. జాడీయే చెబుతోంది."

తాగేవాళ్లకు బల్ల ఆపడం మా సంఘాల్లో కట్టుబాటు. భార్యే చెప్పాక ఇంక ఆయన్ని అడిగేదేముందనుకున్నారు కాబోలు. ఇక్కడ ఆరాధన సెలవు రోజైన శుక్రవారమే. తర్వాతి బల్ల రోజున సంఘ పెద్ద, మా ఆయన చేసిన వైన్‌నే చిన్న గిన్నెల్లో పోసి పళ్లెంలో తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మా ఆయన చేయి చాపారు. పళ్లెం ఆయన్ని దాటి నా దగ్గరికొచ్చింది. నేను తీసుకుని తాగాను.

ఇంటికొస్తూ కారులో అడిగారు. "నువ్వే చెప్పావా?"

"అవును."

"నన్నడగొచ్చుగా."

"అడిగితే నిజం చెప్పేవారా?"



కడపటి పళ్లతో అప్పటికే ఇంకో జాడీ పెట్టి ఉంది. అది ఇంకా పొంగుతోంది. దానికీ గీత గీసి, నా బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళం చెవి నా మెడలోనే ఉంది. వారం తర్వాత తీసి చూశాను. పొంగు చల్లారి, పైకి తేలిన తొక్కలు అడుక్కి దిగాయి. ఎవరూ ముట్టకుండానే మట్టం సరిగ్గా రెండు వేళ్లు తగ్గింది. ఆ వారమే ఆయన దవడ వాచి పన్ను పీకించుకొచ్చారు. రోజూ పదిమంది నొప్పులు చూసే నర్సుని, ఇంట్లో మనిషి నొప్పి నమ్మలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. పాస్టరు గారికీ నా తప్పంతా చెప్పాను.

మరుసటి నెల పళ్లెం ఆయన ముందే ఆగింది. ఆయన చేయి చాపలేదు. ముందు నా మొహంలోకి చూశారు. నేను తలూపాకే గిన్నె తీసుకున్నారు.