సూది కింద స్ఫటికం

కంటికి కనబడని వాటికి కూడా రూపమిచ్చి నిలిపే దేవునికి స్తోత్రం.

ఈ ఉదయం టీ కలుపుతుంటే ఒక చక్కెర పలుకు చెంచా కింద టక్కుమంది. ప్రకాశం సార్ గుర్తొచ్చారు. ఆయన బోధన్ చక్కెర కర్మాగారంలో కెమిస్టు, మా సంఘంలో పెద్ద, నాకు సండే స్కూల్ చెప్పినవారు. ఒకసారి చెరకు ఆడే రోజుల్లో మా తరగతిని కర్మాగారానికి తీసుకెళ్లారు. మరుగుతున్న పాకంలోంచి కాస్త తీసి, గాజుబిళ్ల మీద వేసి, వేళ్ల మధ్య నలిపి చూశారు. పాకం ఎంత బాగా కనిపించినా నలపకుండా దించనిచ్చేవారు కాదు.

తొంభైల చివర్లో నేను హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాను. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో తలుపుల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి. వాటి ఆకారం తెలిస్తే సరిపడే మందు తయారు చేయవచ్చు. అందుకు ముందు ప్రోటీన్‌ను పొరలోంచి తీసి, సబ్బులాంటి ద్రవంలో నిలిపి, స్ఫటికం కట్టించి, ఎక్స్‌రే ముందు పెట్టాలి. ఆ ద్రవంలో ఉండే ఉప్పు కూడా అలాంటి స్ఫటికమే కట్టి మోసం చేయవచ్చు. నా ప్రోటీన్ ఏళ్ల తరబడి స్ఫటికం కట్టలేదు. ఈసారీ రాకపోతే ఆ పని ఆపేస్తానని మా గైడ్ చెప్పేశారు. అప్పుడు ఒక బొట్టులో ఒకే ఒక స్ఫటికం మెరిసింది. మా సంఘం కోత పండుగలో, దేవుడు చేసిన మేలుకు అందరి ముందు సాక్ష్యం చెప్పాలని బోధన్ బస్సెక్కాను.

బలిపీఠం ముందు వరి కంకులు, పసుపు కొమ్ములు సర్దుతున్న సార్‌కు విషయం చెప్పాను.

"సూదితోని పొడిచి సూసినవా బిడ్డా?"

"ఒక్కటే ఉంది సార్. పగిలిపోతది."

"ఉప్పయితే టక్కుమని పగులుతది, ప్రోటీన్ అయితే మెత్తగ నలుగుతది అని నువ్వే గద చెప్పినవ్ పోయినసారి."

"పోతే నా పని బంద్ అయితది సార్."

"అయితే ఏందో తెల్వకుంటనే స్తోత్రం చేద్దామా? దేవునికి ఒక్కటే ఇయ్యొస్తదా, ఇంకోటి ఇయ్యరాదా?" అని నవ్వారు.

ఆరాధనలో సాక్ష్యాల వేళ ఆయన నా వైపు చూశారు. నేను లేవలేదు.

తిరిగి వెళ్లగానే సూది పెట్టాను. టక్కుమంది. ఉప్పు. విరిగిన ముక్కలను గైడ్‌కు చూపించాను. ఆయన చూసి, "ఉప్పును మోసుకుని ఎక్స్‌రే దాకా పోలేదు, నయం. ఇంకోసారి చూడు," అన్నారు.

మరుసటి ఏడాది ఒకే బొట్టులో చిన్న చిన్న స్ఫటికాలు వచ్చాయి. ఒకదాన్ని పొడిచి, మిగిలినవాటిని దాచి, బోధన్ వెళ్లాను. సార్ అప్పటికి జబ్బుతో మంచం మీద ఉన్నారు.

"పొడిచినవా?"

"పొడిచిన సార్."

"ఏమన్నది?"

"ఏం అనలే. మెత్తగ నలిగింది."

"గిప్పుడు చెప్పు సాక్ష్యం," అని వినడానికి కళ్లు మూసుకున్నారు. ఆ మంచం పక్కనే చెప్పాను.

ఆ ప్రోటీన్ ఆకారం తర్వాత తెలిసింది. దానికి సరిపడే మందు ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం. ఇది చదివే మీరు కూడా నాతో ప్రార్థించండి: ఆ మందు దొరకాలని, దొరికిందనిపించిన రోజున దాన్ని పొడిచి చూడడానికి నా చేయి వెనకాడకూడదని.