పురుటింట్లో కరిచిన నల్లా

నల్లా కరుస్తున్నదని మొదట చెప్పింది మా మనుమడికి నీళ్లు పోసే ఖాలా. కోరుట్లలో మేముండే వాడలో ఎవరింట్లో కాన్పు జరిగినా, వాళ్లు ఏ మతం వాళ్లయినా, పసిపిల్లలకు స్నానం చేయించేది, మేమంతా పిన్నిలాగా ఖాలా అని పిలిచే ఆ ముసలామెనే. పీట మీద కూర్చుని రెండు కాళ్లు చాపి, నూనె రాసిన పిల్లవాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని చెంబుతో పోసేది. ఆ పొద్దు బకెట్ నింపుదామని నల్లా తిప్పబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"బేటా, మీ నల్లా కరుస్తున్నది. నాది మొద్దుబారిన చెయ్యి, నేను తట్టుకుంట. పోరడు తట్టుకోడు," అన్నది.

వాడు పుట్టి అప్పటికి పన్నెండు రోజులు. మా బిడ్డకు జగిత్యాల దవాఖానాలో ఆపరేషన్ చేసి వాణ్ని తీశారు. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, కరెంటాఫీసుకు తాళం, లైన్‌మన్ రోడ్డు మీద వంటావార్పులో ఉన్నాడు. వానలు కూడా విడవకుండా పడుతున్నాయి.

నేను చదివింది ఏడో తరగతి. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో ఎనిమిదేళ్లు పనిచేసినప్పుడు, మోటార్లు బాగుచేసే మనిషి పక్కన కూర్చుని కరెంటు లెక్క నేర్చుకున్నాను. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. అరవై వాట్ల బల్బుకు పావు ఆంపియర్. ఆ లెక్కతోనే వాడలో ఎవరి ఫ్యాను తిరగకపోయినా నన్నే పిలిచేవారు.

టెస్టర్ పెట్టి చూశాను, వెలిగింది. మెయిన్ బంద్ చేసి మళ్లీ టెస్టర్ పెట్టాను, అయినా వెలిగింది. టెస్టర్ చిన్న లీకేజీకి కూడా వెలుగుతుంది, దాన్ని నమ్మి భయపడకూడదు. అందుకని జీరో బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి నల్లాకు, ఇంకొకటి పెరట్లో తడి మట్టిలో దిగగొట్టిన ఇనుప చువ్వకు తగిలించాను. బల్బులో వత్తి ఎర్రబడింది. మా మెయిన్ బంద్ ఉంది కాబట్టి ఆ కరెంటు మాది కాదు. బయటి నుంచి నీళ్ల పైపు పట్టుకుని ఇంట్లోకి వస్తున్నది.

నేనింకా చువ్వ దగ్గరే ఉన్నాను, లోపల మా బిడ్డ కేక పెట్టింది. పిల్లవాణ్ని ఎత్తుకుని గోడకు ఒరిగిందట. ఆ గోడలోంచే పైపు పోతుంది, వానకు గోడ నానింది. జాకెట్ తడిసిన చోట భుజానికి కరెంటు కొట్టింది. పిల్లవాడు చేతిలోంచి జారి పరుపు మీద పడ్డాడు. నేల మీద పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

"ఇంకో ఇంటికి తోలుకపోదామా?" అన్నాను.

"ఇరవై ఒక్క రోజులు కాకముందు బాలింతను గడప దాటిస్తరా? ఎవలు రానిస్తరు?" అన్నది మా ఆవిడ. "సిరిసిల్లల అత్తగారింటికి పంపుదామన్నా బండి ఏది? నీ లెక్కలల్ల గిదేమన్న ఉన్నదా?"

ఆ వాడలో ఒకే ఇనుప పైపు మీద పన్నెండు ఇళ్లు. సగం ఇళ్ల మెయిన్లు బంద్ చేయించి చూస్తే తప్పు ఏ సగంలో ఉందో తెలుస్తుంది, ఆ సగంలో మళ్లీ సగం. నాలుగుసార్లలో దొరకాలి. దుబాయిలో మొగుడున్న ఒకామె ఇల్లు మూలమీద ఉంటుంది, ముందు ఆమె దగ్గరికే పోయాను.

"మెయిన్ బంద్ చేస్త గని అన్న, పైపుకు తీగ నువ్వు చెప్పినట్లే కట్టుకున్న గదా," అన్నది.

అప్పుడు గుర్తుకొచ్చింది. వారం కింద గాలికి స్తంభం మీద న్యూట్రల్ తీగ, కరెంటు తిరిగి పోయే తీగ, తెగింది. తెగిన చోటుకు మా ఇల్లు ఇవతల, ఆమెది అవతల; అవతలి ఇళ్లల్లో బల్బు వెలగలేదు. పిల్లలు చీకట్లో ఉన్నారంటే, బల్బు రెండో తీగను నీళ్ల పైపుకు కట్టుకోమని నేనే చెప్పాను. పావు ఆంపియర్ కదా, భూమి మింగేస్తుందని లెక్క చెప్పి మరీ నమ్మించాను. ఆమె లోపలికి రమ్మని చూపించింది. ఆ తీగ మీద ఇప్పుడు ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, నీళ్ల మోటారు కూడా ఉన్నాయి.

"తీసెయ్యమ్మా. మా పోరనికి పాణం మీదికి వచ్చింది," అన్నాను.

ఆమె మెయిన్ దించి తీగ ఊడదీసింది. ఉరికొచ్చి బల్బు చూశాను. వత్తి కాస్త తగ్గింది, ఆరలేదు.

తిరిగి పోతే ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. "అన్న చెప్పిండంటే, మా పక్కోళ్లు గూడ గట్లనే పెట్టుకున్నరు. అవతల ఆరిండ్లు అందరం," అన్నది.

ఆరు ఇళ్లు. ఒక్క బల్బుకు వేసిన నా లెక్క తప్పు కాదు, కానీ నేను ఒక్క బల్బుకే వేశాను. మిగిలిన అయిదింటిలో రెండిళ్లవాళ్లు తీసేశారు. రెండిళ్లకు తాళాలు, మనుషులు సమ్మెకు పోయి రోడ్డు మీద ఉన్నారు, లోపల ఫ్రిజ్‌లు నడుస్తున్నాయి. ఇంకొకాయన, "మొన్న నువ్వే పెట్టుమంటివి, ఇయ్యాల నువ్వే తీయమంటివి. రేపేమంటవో చెప్పు, ఒక్కసారే చేస్త," అని తలుపు వేసుకున్నాడు. నేను తలుపు కొడుతూనే ఉన్నాను. అటుపక్క నుంచి టీవీ సౌండు పెంచారు.

ఇక మిగిలిన దారి, మా ఇంట్లోకి వచ్చే పైపును కోసి, నడుమ రబ్బరు ముక్క పెట్టడం. రబ్బరు గుండా కరెంటు రాదు. కానీ కరెంటు ఉండగా కోస్తే, తెగిన రెండు కొనలు రెండు చేతులకు తగిలితే అది గుండె మీదుగా పోతుంది. అందుకని, రోజూ ఉండే కోతకు కరెంటు పోయేదాకా హాక్సా బ్లేడు పట్టుకుని గేటు పక్కన బురదలో గొంతుక్కూర్చున్నాను. లోపల పిల్లవాడు ఏడుస్తున్నాడు. బిడ్డ వాణ్ని ఒళ్లో పెట్టుకుని, గోడలకు దూరంగా, చెక్క మంచం నడుమ కూర్చుంది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ఆవిడను బల్బు ముందు నిలబెట్టి, వెలగ్గానే అరవమన్నాను. ఎడమ చెయ్యి నడుం వెనక్కి పెట్టుకుని కుడి చేత్తోనే కోశాను. మొదటి కోతకు బ్లేడు రెండు వందల పది సార్లు లాగాల్సి వచ్చింది. పైపు తెగింది గానీ, రెండు అంచులు ఒకదాన్నొకటి ముట్టుకునే ఉన్నాయి. జానెడు ముక్క తీయాలంటే పైన ఇంకో కోత కోయాలి. నూట ముప్పై దగ్గర మా ఆవిడ, "అచ్చింది," అన్నది. నేను బ్లేడు వదిలేశాను. అది పైపులోనే ఇరుక్కుని ఊగింది. పన్నెండు నిమిషాలున్నట్టుంది ఆ కరెంటు. ఆ పన్నెండు నిమిషాలూ నా కళ్లు ఆ బ్లేడు మీదనే ఉన్నాయి. మళ్లీ పోగానే మిగతాది కోసి, ముక్క తీసి, రబ్బరు పైపు ఎక్కించి సైకిల్ ట్యూబు చీలికలతో బిగించాను.

తర్వాత కరెంటు వచ్చినప్పుడు టెస్టర్ వెలగలేదు. జీరో బల్బు కూడా ఎర్రబడలేదు. గేటు బయటి కొనకు పెట్టి చూస్తే మాత్రం ఎర్రగానే ఉంది.

"రా బిడ్డా, ఇగ భయం లేదు," అన్నాను.

ఆమె గుమ్మంలోనే నిలబడింది. "నువ్వు వట్టుకో బాపు. ఉత్త కాళ్లతోని తడిల నిలబడి వట్టుకో."

చెప్పులు విడిచి, నీళ్లలో నిలబడి, నల్లా గట్టిగా పట్టుకున్నాను. ఏమీ కాలేదు. ఆమె నా చేతి వైపు చాలాసేపు చూసింది. పిల్లవాణ్ని మాత్రం ఇవ్వలేదు.

"నీ లెక్క సరిగ్గనే ఉన్నదేమో. పోయినసారి గూడ సరిగ్గనే ఉండె గదా," అని లోపలికి పోయింది.

ఇరవై ఒకటో రోజు దాకా ఖాలా తన ఇంటి చేదబావి నీళ్లు రెండు బిందెలు తెచ్చి, ముందు గదిలో చెక్క పీట మీదనే వాడికి పోసింది. రోజూ ఆమె వచ్చేముందు మెయిన్ దించి, ఆమె పోయేదాకా దాని దగ్గరే నిలబడేవాణ్ని.