తోడి తట్టె

ఆ రోజుల్లో పాట వినడమంటే పెళ్ళివారిని కూర్చోబెట్టినంత తతంగం. పెట్టె మూత ఎత్తాలి, పిడి తిప్పి కీ ఇవ్వాలి, సూది మార్చాలి, మెత్తటి గుడ్డతో రికార్డు తుడవాలి, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ నోరు మూసుకోవాలి. ఇంతా చేస్తే పాట మూడు నిమిషాలు. ఇప్పుడు మా ఇంట్లో పాటలు కుళాయి నీళ్ళలా కారుతూనే ఉంటాయి. ఎవరూ కట్టెయ్యరు, ఎవరూ వినరు. ఇలా అంటున్నానని నాకు సంగీతం తెలుసనుకునేరు. నా సంగీత జ్ఞానం ఎంతటిదో బళ్ళారి గాంధీనగర్‌లో ఒక ఇంటికి బాగా తెలుసు.

తుంగభద్ర కాలువ నీళ్ళొచ్చాయని విని, కృష్ణా డెల్టాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని అటు వెళ్ళిన కుటుంబాల్లో మాదొకటి. మావాళ్ళు రూపనగుడి అవతల వలసవాళ్ళ క్యాంపులో వరి పండిస్తుంటే, బురదలో దిగడం ఇష్టంలేని నేను టైపు నేర్చుకుని బళ్ళారిలో ఒక పత్తిమిల్లు ఆఫీసులో చేరాను. గది కోసం తిరిగి తిరిగి ఒక బట్టల వ్యాపారి ఇంటికి వెళ్ళాను. తాతలనాటి నుంచీ అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "మా యింట్లో సంగీతం ఉండాదప్పా. దినామూ పెడతా. నీకు పడతాదా?" అన్నాడు. మేడమీద గదికి రెండు కిటికీలు, మంచి గాలి. బళ్ళారి ఎండలో రెండు కిటికీలంటే మాటలా? "సంగీతమంటే ప్రాణమండీ!" అన్నాను. (పూర్తిగా అబద్ధం కాదు. చిందులేయించే కొత్త సినిమా పాటలంటే నిజంగానే ప్రాణం.)

ఆ ప్రాణాన్ని ఆయన మర్నాటి నుంచే తోడెయ్యడం మొదలుపెట్టాడు. పెద్దాయనకు ఆరు రికార్డులుండేవి, ఆరూ శాస్త్రీయమే. అందులో తోడి రాగం రికార్డు ప్రతి రోజూ తప్పదు. ఏ వేళ రాగం ఆ వేళే అన్న పట్టింపు లేదు. కొట్టు నుంచి ఇంటికి రాగానే, చెప్పులు విడవగానే తోడి. వాటిని రికార్డులంటే ఒప్పుకునేవాడు కాదు. "రికార్డు కచేరీలో ఉంటాదప్పా. దీన్ని తట్టె అనల్ల" అని దిద్దేవాడు. (కచేరీ అంటే అక్కడ సర్కారు ఆఫీసు.) మా వైపు తట్టంటే మట్టి మోసేది. సరే, ఈ దేశంలో తట్టె అంటే పాటల రికార్డు కాబోలని నేర్చుకున్నాను. పాట అయిపోగానే నావైపు తిరిగి, "ఎట్లుండాది?" అనేవాడు. నా దగ్గర మూడు జవాబులుండేవి: "ఆహా", "భలే", ఇంకా కళ్ళు మూసుకుని తల ఆడించడం. మూడోదే ఎక్కువగా వాడేవాణ్ణి, ఎందుకంటే అందులో నిద్ర కూడా కలిసొచ్చేది. తోడిలో గాయకుడి గొంతు పైకి ఎక్కేచోట రికార్డు మీద గీత పడి 'టక్' మని చప్పుడొచ్చేది. దానికి ఉలిక్కిపడి లేచి "ఆహా" అంటే సరిగ్గా సమయానికి అన్నట్టుండేది.

ఒక ఆదివారం పెద్దాయన కొట్టుకెళ్ళాడు. నేను బజారుకు బయలుదేరుతుంటే ఆయన భార్య, పెద్దమ్మగారు, వంటింట్లోంచి కేకేశారు. "ఏమప్పా, బజారుకు పోతాండావు కదా. పడసాలలో పెట్టెలో హళే తట్టెలుండాయి, ఆరు. అవి ఇచ్చేసి కొత్తవి తీసకరాప్పా. గీతలు పడిపోయినాయి. రేపు మా తమ్ముడోళ్ళు వస్తాండారు, వాళ్ళ ముందర అవే యా మొకంతో పెట్టేది?"

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. హళే అంటే పాత అని నాకప్పటికే తెలుసు. "పెద్దాయన ఏమీ అనరాండీ?" అన్నాను, ఎందుకైనా మంచిదని.

"ఆయప్పకేం తెలుస్తాది? ఏది పెట్టినా తల ఊపుతాడు."

పాపం, ఈవిడ కూడా ఇన్నాళ్ళూ నాలాగే ఓర్చుకుందన్నమాట అని జాలిపడ్డాను. పడసాలలో, అంటే ముందు హాల్లో, పాటల పెట్టె పక్కనున్న చెక్కపెట్టెలోంచి ఆరు రికార్డులూ సంచిలో వేసుకుని, బజారులో పాత రికార్డులు మార్చే సాయిబు దగ్గరికి దాదాపు పరుగెత్తాను. ఆయన ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూసి, "బాగా ఆలోచన చేసినారా సాబ్? పురానా మాల్, మళ్ళా దొరకదు" అన్నాడు. "ఆలోచించడానికేముంది? ఏడాదిగా ఆలోచిస్తున్నాను" అని, ఆరింటికీ నాలుగు కొత్త సినిమా పాటలు పుచ్చుకున్నాను.

ఇంటికొచ్చి, వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిందుల పాట పెట్టి, గట్టిగా వినిపించేలా పెట్టెను వంటింటి వైపు తిప్పాను. పెద్దమ్మగారు తడిచేతులతో వచ్చారు. "తట్టెలు యాడప్పా?"

"ఇవేనండీ! ఎట్లున్నాయి?"

ఆవిడ నల్లగా తిరుగుతున్న ఆ రికార్డు మీదికి వంగి చూశారు. "వీటిలో అన్నమెట్ల పెట్టేదప్పా?" అన్నారు.

అప్పుడు అదే పడసాలలో మెట్ల కింద ఉన్న ఇంకో పెట్టెలోంచి తీసి చూపించారు, సొట్టలుపడిన ఆరు ఇత్తడి కంచాలు. (మా వైపు కంచమంటాం. నేను మెస్సులో ఆకులో తినేవాణ్ణి కనుక ఆ ఇంటి కంచం మొహం ఎన్నడూ చూడలేదు.) పెద్దమ్మగారు కోప్పడతారేమోనని చూస్తే, మెట్టు మీద కూలబడిపోయారు. "తోడి కూడానా?" అన్నారు మెల్లగా. "నేను కొత్త కోడలుగా ఉన్నప్పుడు అత్తమామల ముందర మొగుడూ పెండ్లాలు మాట్లాడుకునేది లేదప్పా. కొట్టు నుంచి వస్తూనే ఆ తట్టె పెడతా ఉండె. నేనొచ్చినా అని చెప్పేది దానితోనే. నేను వాకిలి దగ్గరకొచ్చి నిలబడతా ఉంటి. మిగతావి పోతే పోనీ. అదొకటి తేప్పా. ఒకటిన్నరకు అన్నానికొస్తాడు."

అప్పటికి పన్నెండున్నర. సాయిబు ఐదు రికార్డులు తిరిగిచ్చి మూడు కొత్తవి తీసుకున్నాడు. తోడి మాత్రం లేదు. "పొద్దున పూట పెట్టేదానికని ఎవరో హోటలాయన తీసకపాయె సాబ్. యా హోటలో అడగలే." బళ్ళారిలో హోటళ్ళకేం కొదవ! నడినెత్తిన ఎండ, చంకలో ఐదు రికార్డులు, వాటితోబాటు నేను వదల్లేకపోయిన చిందుల పాట. నాలుగు వీధులు తిరిగాను. ప్రతి హోటల్లోనూ ఏదో ఒక పాట మోగుతూనే ఉంది. ఏడుపొచ్చింది. గది పోతుందన్న బెంగ ఎప్పుడో పోయింది. ఆ వాకిలి దగ్గర నిలబడే మనిషి మాత్రం కళ్ళముందు నుంచి కదలడం లేదు.

ఇంతలో ఒక సందు మలుపులో కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఎక్కడో ఒక గొంతు పైకి ఎక్కుతోంది. ఎక్కింది, ఇంకొంచెం ఎక్కింది... 'టక్'. "ఆహా!" అన్నాను నడివీధిలో, గట్టిగా. జీవితంలో నేను నిజంగా అన్న మొదటి ఆహా అదే.

ఆ చప్పుడు పట్టుకుని హోటల్లోకి దూసుకెళ్ళి, వచ్చిన రెండు కన్నడ ముక్కలూ కూడగట్టి "తట్టె బేకు!" అని అడిగాను. గల్లాపెట్టె దగ్గరాయన ఎంతో మర్యాదగా ఒక కంచం కడిగించి నా ముందు పెట్టించాడు. నా గ్రహచారం! నేను తిరుగుతున్న రికార్డు వైపు వేలు చూపించి, చిందుల పాట ఆయన చేతిలో పెట్టాను. కాఫీ తాగుతున్న నలుగురూ "మార్చప్పా, ఆ ఏడుపు తీసి అది పెట్టప్పా" అని నా తరఫున వాదించారు. వాళ్ళ మీద నాకెందుకో కోపమొచ్చింది.

ఒకటిన్నరకు పెద్దాయన చెప్పులు విడిచాడు, తోడి పెట్టాడు. వంటింటి వాకిలి దగ్గర పెద్దమ్మగారు వచ్చి నిలబడ్డారు. నేనున్న ఈ ఏడాదీ రోజూ అక్కడే నిలబడుతూనే ఉన్నారట. కళ్ళు మూసుకున్నవాడికి ఎలా కనబడుతుంది? నేను చివరిదాకా విన్నాను. పాట అయ్యాక పెద్దాయన నావైపు తిరిగాడు. ఈసారి "ఎట్లుండాది" అనలేదు.

"ఏమప్పా, ఈ పొద్దు నిద్దర పోలేదే?" అన్నాడు.

మర్నాడు చుట్టాలందరూ సొట్ట కంచాల్లోనే తిన్నారు. పెద్దాయన పెట్టినదానికల్లా తల ఊపుతూ తిన్నాడు. జరిగిందేమిటో ఆయనకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ దంపతులిద్దరూ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేనూ తోడి వింటాను, గొప్ప గొప్పవాళ్ళవే, గీత లేకుండా, మచ్చ లేకుండా. గొంతు పైకి ఎక్కేచోట మాత్రం తల వంచి కాచుకుని కూర్చుంటాను. ఆ 'టక్' రాదు. ఎంత పెద్ద విద్వాంసుడైనా సరే, అక్కడ కాస్త తప్పు పాడినట్టే ఉంటుంది నాకు.