నాన్నకు చేరని బన్నులు

మా అక్క ఇంట్లో చెప్పకుండా వెళ్ళి పెళ్ళి చేసుకున్న తొలి ఏడాది, గుడ్ ఫ్రైడేకి ఒక రోజు ముందు దుమ్ముగూడెం నుంచి మాకొక పార్సిల్ వచ్చింది. అట్టపెట్టెలో స్టీలు డబ్బా, డబ్బాలో పన్నెండు బన్నులు. ఒక్కోదాని మీద మైదా ముద్దతో గీసిన తెల్లటి శిలువ. మూత తీయగానే లవంగం, దాల్చినచెక్క వాసన వసారా అంతా పరుచుకుంది.

నాన్న మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. "ఏమిటది?" అన్నాడు.

"అక్క పంపింది. వాళ్ళ పండక్కి చేసుకునే బన్నులంట."

నాన్న డబ్బా వంక చూడలేదు. గ్లాసు కింద పెట్టి, "బయట పెట్టు" అని చేనుకి వెళ్ళిపోయాడు.

అంతే. అరవలేదు, తిట్టలేదు. ఆ రెండు మాటలే. వాటిని పట్టుకుని నేను తర్వాత ఐదేళ్ళు నడిపిన వ్యవహారం తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకే చూపించుకోవాలనిపించదు.

మాది జూలూరుపాడు దగ్గర మిరప వేసే ఇల్లు. తాతల నాడు కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. నాన్న మాట చివరిదాకా అటువైపుదే. ఇక్కడి బడిలో చదువుకున్న మా అక్కచెల్లెళ్ళకి మాత్రం ఇక్కడి మాటే వచ్చింది. అమ్మ నేను ఇంటర్లో ఉండగానే పోయింది. అక్క నర్సింగ్ చదివి, గోదావరి పక్కన ఒక చిన్న దవాఖానాలో ఉద్యోగంలో చేరి, అక్కడే ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే బావని చేసుకుంది. బావది బొగ్గుగనుల్లో పనిచేసిన కుటుంబం, క్రైస్తవులు. నాన్నకి కోపం కులం మీదో మతం మీదో అని ఊళ్ళో అందరూ అనుకున్నారు. అదీ ఉండే ఉంటుంది. కానీ నాకు తెలిసి ఆయన మనసుని కోసింది వేరే. "నాతో ఒక్క మాట చెప్పలేదు" అనేవాడు. ఇంకేమీ అనేవాడు కాదు.

నాకు మేనరికం. మా ఆయన మా ఇంటికే వచ్చి నాన్నతో పాటు వ్యవసాయం చూసుకునేవాడు. అలా ఆ ఇంట్లో కూతురంటే నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. "అందినయా? నాన్న తిన్నడా?"

ఆ గొంతులో ఆశ విని, తినలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "తిన్నడు" అన్నాను.

"నిజమా? ఏమన్నడే?"

"బాగున్నయన్నడు."

అక్క ఏడ్చేసింది. ఏడుస్తూనే అవెలా చేసిందో చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ అత్తగారు ఒకప్పుడు హాస్టల్లో వంట చేసేదట. అక్కడ ఉండిన ఒక ముసలి నర్సమ్మ దగ్గర ఆమె ఈ బన్నులు నేర్చుకుందట. మైదాలో గోరువెచ్చని పాలు, ఈస్టు, వెన్న, మసాలా పొడి వేసి అరగంట పిసకాలట. మన దగ్గర మార్చి ఎండకి పిండి పొంగడానికి ఎక్కువసేపు పట్టదట, కన్ను తిప్పితే గిన్నె దాటి వస్తుందట. శిలువ గీయడానికి పాలప్యాకెట్ కడిగి, మూల కత్తిరించి, అందులోంచి మైదా ముద్ద పిండుతుందట. దించగానే వేడి మీదే బెల్లం పాకం పూస్తుందట. నేను ఊ కొడుతూ విన్నాను.

ఇక ఆ పన్నెండు బన్నులూ ఏం చెయ్యాలి? అప్పుడు మిరపకాయలు ఏరడం సాగుతోంది. గోదావరి అవతల అడవి ఊళ్ళ నుంచి కూలీలు వచ్చి మా కల్లం పక్కనే టార్పాలిన్ పట్టాల గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళు. ఒకటి నేను తిని, మిగతావి తీసుకెళ్ళి వాళ్ళకిచ్చాను. వాళ్ళలో ఒక ముసలామె ఉండేది. నాలుగు పళ్ళు మిగిలిన నోరు. ఒక బన్ను రెండు చేతుల్తో పట్టుకుని, కొంచెం కొంచెం తుంచి, తీరిగ్గా తిని, "ఏ పండు కలిపినవమ్మా?" అని అడిగింది. కిస్మిస్ అని చెప్పాను.

రెండో ఏడు డబ్బా వచ్చినప్పుడు నాన్నకి చూపించలేదు. బస్టాండుకి నేనే వెళ్ళి తెచ్చి, అటునుంచి అటే కల్లానికి పట్టుకెళ్ళాను. ఒకసారి వద్దన్న మనిషి మళ్ళీ వద్దంటాడని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆయన్ని మళ్ళీ కష్టపెట్టడమెందుకు అనుకున్నాను, అక్కని మాత్రం ఎందుకు బాధపెట్టాలి అనుకున్నాను. ఇవన్నీ పైపై మాటలు. అడుగున ఉన్నది ఇంకొకటి. వాళ్ళిద్దరి మధ్య దారి నేనే కావడం నాకు బాగుండేది. అక్క ఏ విషయమైనా నన్నే అడగాలి. నాన్నకి కూతురంటే నేనొక్కదాన్నే. ఈ సంగతి అప్పుడు నాకు తెలీదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

ఆ ఏడు అక్క కమలాపండు తొక్క తురిమి వేసింది. "నాన్నకి కమలాలంటే ఇష్టం గదా" అంది. మూడో ఏడు అల్లం మురబ్బా ముక్కలు వేసింది. ముసలామె ఒక ముక్క నోట్లో పెట్టుకుని గొంతు పట్టుకుంది. "మంట, మంట" అంది. సాయంత్రం ఫోన్‌లో అక్క అడిగితే, "అల్లం కొంచెం తక్కువెయ్యమన్నడు నాన్న" అన్నాను.

అక్క ఎంత సంబరపడిందో. "అట్ల తప్పులు చెప్పిండంటే మనసు పెట్టి తిన్నట్టేనే!" అంది.

అప్పటి నుంచి ఆ ముసలామె ఏమంటే అదే నాన్న మాటయి దుమ్ముగూడెం చేరేది. నాలుగో ఏడు అక్క ఎండిన ఇప్పపువ్వు నానబెట్టి, ముద్ద చేసి పిండిలో కలిపింది. అక్కడి సంతలో దొరికిందట. డబ్బా మూత తీయగానే ముసలామె ముక్కు ఎగబీల్చి, బన్నుని మొహానికి దగ్గరగా పెట్టుకుని పగలబడి నవ్వింది. "ఇది మా చెట్టు! మా చెట్టు వాసన!" అంటూ పక్కవాళ్ళకి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఈసారి ఏమన్నడే?" అంది అక్క.

"ఏమనలేదు. వాసన చూసి నవ్విండు."

"నవ్విండా?" అక్క మళ్ళీ అడిగింది. "నాన్న నవ్విండా? నిజం చెప్పు."

"అవ్, నవ్విండు."

"మరి నేను రావాల్నా? రమ్మన్నడా?"

"ఇప్పుడే వద్దక్కా. కొన్ని రోజులు పోనీ."

ఆ మాట కూడా నాదే. నాన్నని అడిగి చెప్పింది కాదు. నేను పెరట్లో నిలబడి మాట్లాడుతుంటే ఆయన వసారాలోనే ఉన్నాడు, రేడియో పక్కన పెట్టుకుని. ఫోన్ ఎవరిదని అడిగితే, ఎరువుల కొట్టు నుంచి అన్నాను.

ఐదో ఏడు మామిడి తాండ్ర ముక్కలు. పళ్ళకి అంటుకుంటున్నాయంది ముసలామె. నాన్న అన్నాడని అక్కకి చెప్పాను.

ఆరో ఏడు, ఇంకా మిరప కోతలు నడుస్తుండగానే, నాన్నకి గుండెలో నొప్పి వచ్చింది. ఖమ్మం తీసుకెళ్ళి దవాఖానాలో చేర్చాం. స్టెంట్ వేశారు. రెండో రోజు నాకు చెప్పకుండా మా ఆయన అక్కకి ఫోన్ చేశాడు. "కూతురు గదా, తెలియాలె" అన్నాడు తర్వాత. 

మర్నాడు పొద్దున్నే అక్క వచ్చింది. ఆరేళ్ళలో కొంచెం ఒళ్ళు చేసింది, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. చేతిలో అదే రకం స్టీలు డబ్బా.  అది చూడగానే గుమ్మంలోనే ఆపాలని ముందుకు వెళ్ళాను. కానీ నాన్న అప్పటికే చూశాడు.

"రా" అన్నాడు.

అక్క మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.  తర్వాత అక్క కళ్ళు తుడుచుకుని డబ్బా తెరిచింది. "నాన్నా, ఈసారి తాండ్ర సన్నగా కోసిన. పోయినేడు పళ్ళకు అంటుకున్నయన్నవంట గదా. అల్లం అసలే వెయ్యలే."

నాన్న ఆమె మొహంలోకి చూశాడు. "ఏవి అంటుకున్నాయమ్మా?"

"బన్నులు నాన్నా. ఏటేటా పంపుతున్న గదా."

"ఏటేటానా?" నాన్న లేవబోయి మళ్ళీ దిండుకి ఆనుకున్నాడు. "మొదటేడు ఒక డబ్బా వచ్చింది. నేను బయట పెట్టమన్నాను. ఆ తర్వాత ఏం రాలేదుగా. నేను వద్దన్నానని తెలిసి మానేశావనుకున్నాను."

అక్క నా వైపు తిరిగింది. నాన్నా తిరిగాడు. నేను సెలైన్ స్టాండు పట్టుకుని నిలబడ్డాను.  నాన్నే మళ్ళీ నెమ్మదిగా అన్నాడు: "రెండో ఏడు ఆ రోజుల్లో పని కల్పించుకుని బస్టాండు దాకా వెళ్ళాను. మనకేమైనా వచ్చిందా అని అడగడానికి మొహం చెల్లలేదు. తిరిగొచ్చేశాను."

అక్క లేచి వరండాలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. కిటికీ దగ్గర నిలబడి, నా వైపు చూడకుండానే అడిగింది. "మరి నవ్వింది ఎవరే?"

"మిరపకాయలు ఏరే ముసలామె."

"అల్లం తక్కువెయ్యమన్నది?"

"ఆమెనే."

అక్క బెంచీ మీద కూలబడింది. "నాన్న నవ్విండన్న ఆ ఒక్క మాట నేను ఎంతమందికి చెప్పుకున్ననో ఎరికేనా నీకు? మా అత్తమ్మకు చెప్పిన. డ్యూటీలో అందరికీ చెప్పిన. ప్రార్థనలో చెప్పుకున్న." కొంగుతో మొహం తుడుచుకుని, "నాన్న వద్దన్నడని చెప్తే ఏడ్చేదాన్ని. ఏడ్చి, ఒకరోజు బస్సెక్కి వచ్చేదాన్ని. వచ్చి కాళ్ళు పట్టుకునేదాన్ని. ఆరేండ్లయ్యేది కాదు" అంది.

 

లోపలికి వెళ్ళేసరికి నాన్న ఒక బన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. నర్సుని అడిగి, సగం తుంచి టీలో ముంచి పెట్టింది అక్క. మెల్లిగా నమిలాడు. "మెత్తగా ఉంది" అన్నాడు. నవ్వలేదు. పొగడలేదు. అక్క మాత్రం ఆయన నోటి వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక నాన్న నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. ఒకరోజు వసారాలో మందులందిస్తుంటే, "నన్నడగాల్సింది అమ్మాయ్" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ ఎండాకాలంలో అక్కా బావా మూడుసార్లు వచ్చి వెళ్ళారు. బావతో నాన్న పేకాట కూడా ఆడాడు. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, భోంచేసి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. అక్క చేతి బన్ను ఆయన తిన్నది ఆ సగమే.

తర్వాతి గుడ్ ఫ్రైడేకి మాకు డబ్బా రాలేదు. వస్తుందని నేనెలా అనుకున్నానో తెలీదు, కానీ బస్టాండుకి వెళ్ళి వచ్చాను. ఆ వారమే ఒక చిన్న ఓవెన్ తెప్పించి, ఫోన్‌లో వీడియోలు చూసి నేనే మొదలుపెట్టాను. పాలు మరీ వేడిగా పోశానేమో, ఈస్టు చచ్చిపోయింది. పిండి పొంగలేదు. కాల్చితే పైన నల్లగా, లోపల పచ్చిగా వచ్చాయి. మా ఆయన ఒకటి కొరికి నీళ్ళు తాగాడు. వాటిని కల్లానికి తీసుకెళ్ళే ధైర్యం లేకపోయింది. ఉత్త చేతులతో వెళ్ళి ముసలామె గురించి అడిగాను. ఈ ఏడు రాలేదన్నారు, నడవలేకపోతోందట. ఆమె పేరేమిటో అన్నేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదని అప్పుడు తట్టింది.

అక్క నాతో మాట్లాడడం మానలేదు. మానేస్తే తేలికగా ఉండేదేమో. ఫోన్ చేస్తుంది, పిల్లల చదువులడుగుతుంది, జ్వరమొస్తే మందు చెబుతుంది. కానీ నేను చెప్పినదేదైనా కాసేపయ్యాక మా ఆయన్ని మళ్ళీ అడుగుతుంది. నాన్న ఏడాది కార్యానికి ఎవరెవరిని పిలిచామని నన్నడిగింది, చెప్పాను. అరగంట తర్వాత మా ఆయన ఫోన్ మోగింది. పక్క గదిలోంచి ఆయన అవే పేర్లు ఒక్కొక్కటిగా చెబుతుంటే విన్నాను.

ఈ ఏడు నేనే అడిగాను. "అక్కా, బన్నులు చేసే రోజు నేను రావొచ్చా? నేర్చుకుంటా."

కొంచెం ఆలోచించి, "రా" అంది.

దుమ్ముగూడెంలో వాళ్ళ క్వార్టర్ వంటగది చిన్నది. కిటికీలోంచి గోదావరి గాలి వేడిగా వస్తోంది. అక్క గట్టు మీద అన్నీ వరసగా పెట్టుకుంది. ఇప్పపువ్వు నానబెట్టిన గిన్నె, కమలా తొక్క తురుము, దంచిన లవంగాలు. కూతురికి జడ వేయడానికి పక్కగదిలోకి వెళ్తూ మైదా, మిగతావి నన్ను కలపమంది. నేను కొలిచి కలిపాను. పాలు మణికట్టు మీద చుక్క వేసి చూసి పోశాను. చేతులకి అంటుకుంటూ, జారుతూ ఉన్న పిండి మెల్లగా ఒక దారికి వచ్చింది.

అక్క తిరిగొచ్చి గిన్నెలోకి చూసింది. "ఉప్పేసినవా?"

"వేసిన అక్కా."

పిండి చిటికెడు తుంచి నాలుక మీద పెట్టుకుని చూసింది. తర్వాత గిన్నె మీద తడిగుడ్డ కప్పి, గోడకున్న గడియారం వైపు చూసింది.